అమ్మ ఫోన్‌లో నా ఖాతా

గూగుల్ దగ్గర మన గురించి ఏమేం ఉందో మనమే అడిగి తెప్పించుకోవచ్చు. టేకౌట్ అనే ఆ సదుపాయం 2011 నుంచీ ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, కారణం చెప్పక్కర్లేదు. ఈమధ్య నేను తెప్పించుకున్నాను. నా ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోవచ్చింది. ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో చూసుకుందామని మొదలుపెట్టాను. తీరా ఫైళ్లు తెరిచాక పని వేరే దారి పట్టింది. అందులో ఉన్నదంతా నాది కాదు. చాలాభాగం మా అమ్మది.

అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. అమ్మకి మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నప్పుడు షాపులో నిలబడే నా జీమెయిల్‌తో లాగిన్ చేసి చేతికిచ్చాను. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. పెద్దవాళ్లకి వేరే మెయిల్ ఎందుకు, ఆ పాస్‌వర్డ్ ఎవరు గుర్తుపెట్టుకుంటారు, ఫోన్ ఎక్కడైనా పోతే మనం వెతికి పట్టుకోవచ్చు కదా అనుకుంటాం. నాన్న ఫోన్ మా తమ్ముడి ఖాతాలో ఉంది. వాడు డాలస్‌లో ఉంటాడు. ఆఫీసులో కదిపి చూస్తే మా సెక్షన్‌లో చాలామంది ఇళ్లలో ఇదే పద్ధతి. అత్తగారి ఫోన్ కోడలి మెయిల్ మీద, పిల్లల ట్యాబ్ తండ్రి మెయిల్ మీద నడుస్తున్నాయి.

ముందు తెప్పించుకునే పద్ధతి చెప్తాను. ఇది ఫోన్‌లో కంటే ల్యాప్‌టాప్‌లో తేలిక. టేకౌట్ పేజీ తెరవగానే గూగుల్ సేవలన్నీ టిక్ పెట్టి ఉంటాయి. అలాగే వదిలేస్తే ఫోటోలు, వీడియోలతో కలిపి పెద్ద మూట వస్తుంది. అందుకని మొదట అన్ని టిక్కులూ తీసేసి, 'మై యాక్టివిటీ' (మనం వెతికినవీ చూసినవీ నమోదయ్యే చోటు), యూట్యూబ్, క్రోమ్, మ్యాప్స్ లాంటివి మాత్రం పెట్టుకోవాలి. మై యాక్టివిటీ ఏ రూపంలో కావాలో అడుగుతుంది. మనం చదువుకోవడానికైతే హెచ్‌టీఎంఎల్ ఎంచుకోవాలి. జేసన్ అనేది ప్రోగ్రాములు చదువుకునే రూపం. అభ్యర్థన పంపాక కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజులు కూడా. సిద్ధమయ్యాక మెయిల్‌కి లింకు వస్తుంది. అది వారం రోజుల్లో చెల్లకుండా పోతుంది కాబట్టి వెంటనే దించుకోవాలి. దించుకునేటప్పుడు పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది, అడగడమే మంచిది. అన్నేళ్ల జీవితం ఒక్క జిప్ ఫైల్లో ఉంటుంది మరి. ఆఫీసు కంప్యూటర్లో, నెట్ సెంటర్లో ఈ పని పెట్టుకోకండి.

మై యాక్టివిటీ ఫైలు తెరిస్తే చిన్న చిన్న పెట్టెల్లాగా ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఏం వెతికారు, ఏ తేదీన, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లకి, చివర ఐఎస్‌టీ అని ఉంటుంది. మొదట కనిపించినవి నావే. జీఎస్టీ రిటర్ను గడువు, మియాపూర్ నుంచి మెట్రో టైమింగులు, పిల్లాడి స్కూల్ ప్రాజెక్టు. వాటి మధ్యలో నేను ఎప్పుడూ అడగనివి రావడం మొదలైంది. నేను ఆఫీసు మీటింగులో ఉండే సమయంలో "షుగర్ ఉన్నవాళ్లు సీతాఫలం తినొచ్చా". తెల్లవారుజామున "కనకధారా స్తోత్రం తెలుగులో". అన్నిటికంటే ఎక్కువసార్లు ఉన్న ప్రశ్న "డాలస్‌లో ఇప్పుడు టైం ఎంత".

అమ్మ టైప్ చేయదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడుతుంది. ఆవిడ మాట్లాడిన మాట మాట్లాడినట్టే తెలుగు అక్షరాల్లో అక్కడ ఉంది. చదువుతుంటే గొంతు వినిపించినట్టే ఉంది. తమ్ముడికి ఫోన్ చేయాలనిపించినప్పుడల్లా వాడు పడుకున్నాడో లేచాడో ముందు అడిగి చూసుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకాస్త కిందికి వెళ్తే నిరుడు వర్షాకాలంలో ఒక రాత్రి మూడు గంటలప్పుడు అడిగినది కనిపించింది. "చంక దగ్గర గడ్డ నొప్పి లేకపోతే ఏమిటి". మర్నాడు "గడ్డకి సూది పరీక్ష ప్రమాదమా". ఆ తర్వాత "మామోగ్రాం గుంటూరులో ఎంత అవుతుంది". కొన్నాళ్లకి ఆ ప్రశ్నలు ఆగిపోయి మళ్లీ సీతాఫలం, డాలస్ టైం. ఆ నెలల్లో నేను రోజూ రాత్రి అమ్మతో మాట్లాడుతూనే ఉన్నాను. ఒక్క మాట కూడా చెప్పలేదు. ఆ శుక్రవారం రాత్రి బస్సుకే తెనాలి వెళ్లాను.

అమ్మ ఫోన్ తీసుకుని ఇద్దరం కూర్చుని చూశాం. గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ అనే పేజీ ఒకటి ఉంటుంది. పాత పేరు లొకేషన్ హిస్టరీ. ఆ సమాచారం ఇదివరకు గూగుల్ సర్వర్లలో ఉండేది. దాన్ని ఎవరి ఫోన్‌లో వాళ్లదిగా ఉంచేలా మారుస్తామని ఆ సంస్థ 2023 డిసెంబర్‌లో ప్రకటించింది. మార్పు మంచిదే. కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకి అంతా కనబడుతుంది. గుంటూరు ప్రయాణం అందులో ఉంది. ఇంటి నుంచి స్టేషన్ దాకా నడక, ఆ తర్వాత రైలు, ఒక ఆసుపత్రిలో మధ్యాహ్నం దాకా, మళ్లీ రైలు. ఇల్లు ఏదో మనం చెప్పకపోయినా, రాత్రిళ్లు ఫోన్ ఎక్కడ ఉంటోందో చూసి ఇల్లని తనే గుర్తు పెట్టుకుంటుంది. ఏం అడిగిందో ఒక చోట ఉంది, ఎక్కడికి వెళ్లిందో ఇంకో చోట ఉంది. రెండూ పక్కపక్కన పెడితే డాక్టర్ చీటీ చూడక్కర్లేకుండానే సంగతి అర్థమైపోతుంది.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "వట్టి కొవ్వు గడ్డేనే. ఏం ఫర్వాలేదన్నారు. పక్కింటి వదినగారు తోడొచ్చారు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకొస్తావు. అక్కడ పిల్లాడికి పరీక్షలు. నీకు చెప్పకూడదనే కదా ఫోన్‌ని అడిగాను."

అప్పటిదాకా నేను ఈ పనంతా పెద్ద కంపెనీలకీ మనకీ మధ్య వ్యవహారం అనుకుంటూ వచ్చాను. అమ్మకి మాత్రం గూగుల్ కంటే ముందు నా నుంచి దాచుకోవలసిన అవసరం వచ్చింది. అది ఆవిడ హక్కు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2012లో ఆధార్‌ని ప్రశ్నిస్తూ కోర్టుకి వెళ్లేనాటికి ఆయనకి ఎనభై దాటాయి. పెద్దవాళ్లకి ఇవన్నీ ఎందుకు అనే మాట ఇంట్లో ఎవరన్నా అంటే నేను ఇప్పుడు ఆయన్ని గుర్తు చేస్తున్నాను. వయసు మీద పడేకొద్దీ దాచుకోవలసినవి పెరుగుతాయి గానీ తగ్గవు. ఆరోగ్యం, మందులు, బ్యాంకులో ఎంత ఉంది, ఏ బిడ్డకి ఎంత ఇచ్చింది.

ఇక తీసేసే పని. టైమ్‌లైన్ ఒక్కటీ ఆపితే లొకేషన్ నమోదు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది చాలదు. వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే ఇంకో మీట ఉంది. అది ఆన్‌లో ఉంటే వెతికినప్పుడు, వాతావరణం చూసినప్పుడు ఎక్కడున్నామో దాంట్లో నమోదు కావచ్చు. 2018లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బయటపెట్టింది ఇదే. లొకేషన్ హిస్టరీ ఆపినా వేరే దారిలో లొకేషన్ నిల్వ అవుతోందని రాసింది. దాని మీద విచారణ సాగి, 2022 నవంబర్‌లో అమెరికాలో 40 రాష్ట్రాలకి 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి గూగుల్ ఒప్పుకుంది. అందుకని రెండు చోట్లా చూసుకోవాలి.

పాతవి తీసేసేటప్పుడు ఒక్కొక్కటీ నొక్కుతూ కూర్చోనక్కర్లేదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో, ఏ సేవలోవో చెప్పి ఒకేసారి తీసేయొచ్చు. ఇక ముందు వాటంతటవే పోవడానికి 3, 18, 36 నెలల గడువుల్లో ఒకటి పెట్టుకోవచ్చు. 2020 మధ్య నుంచి కొత్తగా తెరిచిన ఖాతాల్లో వెతికినవాటికి 18 నెలలు దానంతట అదే పడుతుంది. అంతకుముందు తెరిచిన పాత ఖాతాలకి మనమే వెళ్లి పెట్టాలి. మన ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్లలో ఉండేవి చాలావరకు పాత ఖాతాలే. ఇంకో సంగతి, డిలీట్ నొక్కగానే మన కళ్లముందు నుంచి పోతుంది గానీ సర్వర్ల నుంచి పూర్తిగా పోవడానికి మామూలుగా రెండు నెలలు, బ్యాకప్‌లలో ఆరు నెలల దాకా పట్టొచ్చని గూగుల్ తన విధానంలోనే రాసింది. ఆరోగ్యం లాంటి సున్నితమైన విషయాలని ఆధారం చేసుకుని వ్యక్తిగత ప్రకటనలు చూపించబోమని కూడా అక్కడే ఉంది. సరే, చూపించరు. కానీ అమ్మ రాత్రి మూడింటికి పడ్డ భయం ఏడాది తర్వాత కూడా అక్షరం పొల్లుపోకుండా ఉండవలసిన అవసరం ఎవరికి ఉంది? నాకు అర్థం కానిది అదే.

తర్వాత ఫేస్‌బుక్ చూశాను. ఇది నా ఖాతాయే. అకౌంట్స్ సెంటర్లో 'యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్' అని ఒకటి ఉంటుంది. ఫేస్‌బుక్ బయట మనం వాడే యాప్‌లూ వెబ్‌సైట్లూ మన గురించి ఫేస్‌బుక్ సొంతదారు సంస్థ మెటాకి పంపిన సమాచారం అందులో కనిపిస్తుంది. ఎలా పంపుతారంటే, వెబ్‌సైట్లో పిక్సెల్ అనే చిన్న కోడ్ ముక్క, యాప్‌లో అయితే ఎస్‌డీకే అనే తయారుగా దొరికే కోడ్ పెట్టుకుంటారు. పేజీ చూశాం, వెతికాం, కార్టులో వేశాం, కొన్నాం అనేవి అక్కడి నుంచి వెళ్తాయి. ఆ పట్టికలో అమ్మకి నెలనెలా షుగర్ మందులు ఆర్డర్ చేసే యాప్ ఒకటి కనిపించింది. దించుకున్న ఫైల్లో తేదీలతో సహా వెతికినవి, కొన్నవి ఉన్నాయి. ఏ మందో రాసి లేదు. మందుల యాప్‌లో నెలకోసారి కొంటున్నారంటే మందు పేరు రాయకపోయినా చెప్పవలసింది సగం చెప్పినట్టే.

అమెరికాలో ఇలాంటి వాటి మీద చర్యలు జరిగాయి. నెలసరి లెక్కలు రాసుకునే ఫ్లో అనే యాప్ మీద 2021లో, మందుల ధరలు పోల్చి చూపే గుడ్‌ఆర్‌ఎక్స్ మీద 2023లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసులు పెట్టింది. ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకి వాడకందారుల ఆరోగ్య సమాచారం పంచారన్నదే ఆరోపణ. గుడ్‌ఆర్‌ఎక్స్‌కి 15 లక్షల డాలర్ల జరిమానా పడింది. నేను చేయగలిగింది ఆ మెటా పేజీలో పాతవి క్లియర్ చేసి, ఇక ముందు కలపకుండా డిస్‌కనెక్ట్ చేయడం. క్లియర్ చేస్తే ఆ సమాచారానికీ మన ఖాతాకీ ఉన్న లంకె తెగుతుంది. పంపినవాళ్ల దగ్గర ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది. ఆ యాప్ మానేసి, ఇప్పుడు అమ్మ మందులు తెనాలిలో వీధి చివర షాపులోనే తెప్పిస్తున్నాను.

అమ్మ ఫోన్‌లో యాప్‌ల పర్మిషన్లు కూడా అప్పుడే చూశాం. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిస్తే కాంటాక్ట్స్ ఎవరికి ఇచ్చాం, మైక్ ఎవరికి, లొకేషన్ ఎవరికి అని విడివిడిగా చూపిస్తుంది. టార్చ్ లైటు యాప్‌కి కాంటాక్ట్స్, పంచాంగం యాప్‌కి లొకేషన్ ఉన్నాయి. పంచాంగానికి ఊరు తెలియాలి, సరే, ఒకసారి తెనాలి అని పెడితే చాలు. కాంటాక్ట్స్ పర్మిషన్ మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకి ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు మనందరం చదివాం. ఆ యాప్‌ల వాళ్ల ఆయుధం కాంటాక్ట్స్ జాబితాయే. అప్పు తీసుకున్నవాళ్లని వదిలేసి చుట్టాలకీ స్నేహితులకీ ఫోన్లు చేసి పరువు తీశారు. తర్వాత రిజర్వ్ బ్యాంక్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లాగ్‌లు చూడకూడదంది. 2023లో ప్లే స్టోర్ నియమాల్లో కూడా అది వచ్చింది. నేను అనుమతి ఇచ్చేది నా ఒక్కరి నంబరుకి కాదు. నా ఫోన్‌లో ఉన్న అందరి పేర్లూ నంబర్లూ కలిపి ఇచ్చేస్తున్నాను. వాళ్లని ఎవరూ అడగలేదు.

ఇంకో తలనొప్పి ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌తో వచ్చింది. పేరు చెప్పను. ఇంటికొచ్చి అమ్మ రక్తం తీసుకెళ్లిన దగ్గర్నుంచీ ఆవిడ నంబరుకి ఆరోగ్య బీమా అనీ, ఫుల్ బాడీ ప్యాకేజీ అనీ ఒకటే ఫోన్లు. చేసేవాళ్లు అమ్మ పేరూ వయసూ చెప్పి మరీ మాట్లాడుతున్నారు. మన దేశంలో డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. సమాచారం చూపించమనీ తీసేయమనీ అడిగే హక్కులు, 250 కోట్ల దాకా జరిమానాలు దాంట్లో ఉన్నాయి. అయితే ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువిచ్చారు. అప్పటిదాకా ఐటీ చట్టం కింద 2011లో పెట్టిన నియమాలు ఉన్నాయి. వాటి ప్రకారం వైద్య సమాచారం సున్నితమైనది, ముందుగా అనుమతి లేకుండా ఇతరులకి ఇవ్వకూడదు. ప్రతి సంస్థా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ పేరూ వివరాలూ వెబ్‌సైట్లో పెట్టాలి, ఫిర్యాదుని నెలలోగా పరిష్కరించాలి. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను. అమ్మ నంబరు ఎవరెవరికి ఇచ్చారు, ఏ అనుమతి మీద ఇచ్చారు, తీసేసినట్టు రాతపూర్వకంగా చెప్పండి అని మూడే ప్రశ్నలు. ప్రమోషనల్ జాబితాలోంచి తీసేశామని జవాబొచ్చింది. ఎవరికి ఇచ్చారన్నదాని మీద మాట లేదు. మళ్లీ రాశాను. నెల దాటింది. ఫోన్లు తగ్గాయి, జవాబు మాత్రం రాలేదు. వదిలేది లేదు.

అన్నిటికంటే ఓపిక పట్టిన పని అమ్మకి సొంత ఖాతా తెరవడం. దీంట్లో వరస ముఖ్యం. పాత ఖాతాని ఫోన్‌లోంచి ముందే తీసేస్తే దాంట్లో సింక్ అయిన కాంటాక్ట్స్ అన్నీ ఫోన్‌లోంచి పోతాయి. అందుకని ముందు కాంటాక్ట్స్ యాప్‌లో అమ్మ నంబర్లని వీసీఎఫ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త ఖాతాలోకి ఇంపోర్ట్ చేశాం. ఫోటోలు కొత్త ఖాతాకి షేర్ చేసి, అవి అక్కడ సేవ్ అయ్యాయో లేదో చూసుకున్నాం. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్‌కి వెళ్లి గూగుల్ ఖాతా మార్చి కొత్తగా బ్యాకప్ తీశాం. ఇవన్నీ అయ్యాకే నా ఖాతా తీసేశాం. ఇందులో ఏదీ కష్టం కాదు, తొందరపడకుండా ఉంటే చాలు.

మర్నాడు పొద్దున్నే అమ్మ నా మీద కోపంగా ఉంది. "నా ప్రవచనాలన్నీ ఏవే? ఎవరో కుర్రాళ్లు గంతులేసేవి వస్తున్నాయి." కొత్త ఖాతా కదా, యూట్యూబ్‌కి ఆవిడెవరో తెలియదు. ఇక్కడ నేను ఇలా పెట్టుకో అని చెప్పడం మానేసి ఆవిడకి ఒక్కో మీటా ఏం చేస్తుందో వివరించి ఊరుకున్నాను. అమ్మే తేల్చుకుంది. యూట్యూబ్ చరిత్ర ఉంచుకుంటానంది, మూడు నెలలకి పోయేలా పెట్టుకుంది. "భారతం విన్నానని తెలిస్తే తెలియనీ, నాకేం సిగ్గా." వెతికేవి మాత్రం అసలు దాచవద్దంది. టైమ్‌లైన్ కట్టేయించింది. ఫోన్ పోతే వెతికే సదుపాయం ఉంచమంది. నేనైతే యూట్యూబ్ కూడా ఆపేసేదాన్ని. కానీ ఆవిడ లెక్క ఆవిడది, నాకు అది సబబుగానే అనిపించింది.

పాస్‌వర్డ్ తనే పెట్టుకుంది. నోటు పుస్తకంలో రాసుకుంది. రికవరీ నంబరుగా నాది ఇచ్చాం. దాంతో మర్చిపోయినప్పుడు మాత్రం నేను సాయపడగలను, రోజూ ఏం అడిగిందో నాకు రాదు. నా ఖాతాలో ఉండిపోయిన అమ్మ ప్రశ్నలన్నీ ఆవిడ పక్కన కూర్చునే తీసేశాను, ల్యాప్‌టాప్‌లోని జిప్ ఫైలుతో సహా.

నాన్న ఫోన్ మిగిలింది. అది తమ్ముడి ఖాతాలో ఉంది కాబట్టి వాడే చేయాలి. మొదట కాంటాక్ట్స్, తర్వాత ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్, చివర్న ఖాతా అని వరస రాసి పంపించాను. మై యాక్టివిటీ తెరిచి చదవొద్దనీ, నాన్నకి ఫోన్ చేసి అడిగి తీసేయమనీ పైన రాశాను. ఆదివారం పొద్దున చేద్దామన్నాడు, అక్కడ శనివారం రాత్రి. నాన్న పక్కన అమ్మ కూర్చుంటుంది, ఎక్కడ ఏది నొక్కాలో ఆవిడకి ఇప్పుడు తెలుసు.